అయి ఉండి కూడా

"ముస్లిం అయి ఉండి కూడా ఎంత బాగా వాయించాడో!"

ఈ వాక్యం చెవిన పడకుండా సభ దాటిన ముస్లిం కళాకారుడు తెలుగునాట ఉన్నాడంటే మేం నమ్మం. అన్నవాడికి ఇది మెచ్చుకోలే. మనసారా అంటాడు, శాలువా కప్పుతూ అంటాడు. పడ్డవాడికి మాత్రం ఆ శాలువా కింద ఎక్కడో ముల్లు గుచ్చుకుంటుంది. 'అయి ఉండి కూడా' అనే ఈ మూడు మాటల గురించే మా పేచీ.

షేక్ చినమౌలానాని తీసుకోండి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టాడు. తరతరాలుగా గుళ్ళల్లో నాదస్వరం ఊదిన ఇంట్లో పుట్టాడు. అంటే ఆ వాద్యం ఆయన ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు, తాతల నాటి ఆస్తి. మరి ఆయన వెతుక్కుంటూ వెళ్ళి తెచ్చుకున్నదేమిటి? బాణీ. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై వాదనం విని మతిపోయి, ఆయన్ని మనసులోనే గురువుగా నిలుపుకున్నాడు. అప్పటికే కచేరీలు చేస్తున్న విద్వాంసుడు, పేరున్నవాడు, మళ్ళీ విద్యార్థి అయ్యాడు. తంజావూరు సీమకి పోయి నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల దగ్గర కూర్చుని నేర్చాడు. చివరికి శ్రీరంగంలోనే కాపురం పెట్టాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. మరుసటి ఏడే పోయాడు. చేతికొచ్చిన విద్యను పక్కన పెట్టి మరొకరి విద్య కోసం మళ్ళీ అఆలు దిద్దడానికి ఎంత గుండె కావాలి! ఆయన మీద రాసేవాళ్ళు ఇది రాయరు. "మతసామరస్యానికి ప్రతీక" అని రాసి కలం మూసేస్తారు. ఊపిరితిత్తులు చిల్లులు పడేలా సాధన చేసింది ప్రతీక కావడానికా?

ఇప్పుడు మా విజయనగరం వద్దాం.

అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు పర్షియన్ నేర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీల్ని ఫిట్జెరాల్డ్ 1859లో ఇంగ్లీషులోకి తెస్తే లోకమంతా దాన్నే ఖయ్యాం అనుకుంది. దాసుగారికి అది చాల్లేదు. మూలం చూశారు. తెల్లదొర మూలానికి న్యాయం చెయ్యలేదని తేల్చుకున్నారు. ఇంగ్లీషునీ పర్షియన్‌నీ పక్కపక్కన పెట్టుకుని, రెంటినీ సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చారు. 1932లో పుస్తకం అచ్చయింది. హరికథ చెబుతూ గజ్జె కట్టి ఆడే మనిషి, పెద్దవయసులో అరబ్బీ లిపి ముందు బడిపిల్లాడిలా కూర్చున్నాడు. ఇంతకంటే గొప్ప షాగిర్దు ఎవడుంటాడు? ఎనిమిది వందల ఏళ్ళ కింద నిషాపూరులో పోయిన ఉస్తాదుకి విజయనగరంలో దొరికిన షాగిర్దు!

"హిందువు అయి ఉండి కూడా పర్షియన్ నేర్చాడు" అని ఎవరైనా అన్నారా? అనలేదు. బహుభాషా కోవిదుడన్నారు. అది న్యాయమే. మేమూ అదే అంటాం, దాసుగారు మాకూ దాసుగారే. ఆ న్యాయం ఒక వైపే ఎందుకు ఆగిపోయిందన్నదే మా ప్రశ్న.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో విజయరామ గాన పాఠశాలకి వచ్చారు. నేర్చుకుందామని వచ్చిన కుర్రాణ్ణి దాసుగారు పంతులుగానే నిలబెట్టేశారని చెప్పుకుంటారు. ఆయన కమాను నడిపే తీరులో పాశ్చాత్య వయొలిన్ పోకడ ఉందని సంగీతం తెలిసినవాళ్ళు మురిసిపోతూ రాస్తారు. అక్కడా 'అయి ఉండి కూడా' లేదు. అదే కళాశాలలో మధూకరం చేసుకుని కడుపు నింపుకుంటూ చదివిన ఘంటసాల, తర్వాత రోజుల్లో బడే గులాం అలీఖాన్ అంటే ప్రాణం పెట్టాడు. మద్రాసులో ఆయన్ని తన ఇంట్లోనే ఉంచుకుని సేవ చేశాడు. దాన్ని 'ప్రభావం' అన్నారు. సరే, ప్రభావమే. అలాంటప్పుడు చినమౌలానా మీద రాజరత్నం పిళ్ళైదీ ప్రభావం అని ఊరుకోక, దేశ సమైక్యత ఎందుకైంది?

మాకు కావలసిన లెక్క ఇంకొకటి ఉంది. ఉమర్ ఆలీషా కవి పిఠాపురం వాడు. ఆయనా ఖయ్యాంను తెలుగులోకి తెచ్చాడు. పద్యం ఆయన చేతిలో కవాతు చేసేది. నాటకాలు రాశాడు, నవలలు రాశాడు, కేంద్ర శాసనసభలో కూర్చున్నాడు. దాసుగారు 1945 జనవరి 2న పోయారు, ఆలీషా అదే నెల 23న పోయాడు. ఇద్దరి చేతుల్లోనూ అదే ఖయ్యాం, ఇద్దరి నోటా అదే తెలుగు, పోయింది కూడా ఒకే నెలలో. కానీ సాహిత్య చరిత్ర తిరగేస్తే దాసుగారు పెద్ద హాల్లో ఉంటారు. ఆలీషా తరచుగా 'తెలుగులో ముస్లిం కవులు' అనే పక్క గదిలో కనిపిస్తాడు. ఆ గదిలో ఆయన్ని కూర్చోబెట్టిందెవరు? తలుపు బయటి నుంచి ఎందుకు గడియ పెట్టారు?

ఇక్కడ ఒకాయన లేచి, "పర్షియన్ పరాయి భాష కాదా" అంటాడు. బాబూ, శ్రీకాకుళం పేరు ఒకప్పుడు చికాకోల్ సర్కారు. గోల్కొండ వాళ్ళ ఫౌజ్‌దారులు ఇక్కడ కూర్చుని ఏలారు. వాళ్ళంతా దేవదూతలని మేం అనబోవడం లేదు. రాజులు రాజులే, ఏ మతం వాళ్ళయినా శిస్తు వసూలు దగ్గర ఒకటే. కానీ వాళ్ళ కాగితాల భాష మీ నోట్లో ఇంకా ఉంది. రైతు, జమీను, తహశీలు, ఖరీఫు, హద్దు, దస్తావేజు... వీటిని తీసేసి శ్రీకాకుళం కోర్టులో ఒక్క భూమి తగాదా నడిపి చూపించండి. అంతెందుకు, బొబ్బిలి? ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని 'షేర్'ని బెబ్బులిగా మార్చి, ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టారనీ అదే బొబ్బిలి అయిందనీ ఆ సంస్థానం వాళ్ళే చెప్పుకున్నారు. ఆ కథే నిజమైతే, తెలుగు పౌరుషానికి మారుపేరుగా చెప్పుకునే ఊరి పేరే ఒక పర్షియన్ మాటకి అనువాదం! దాసుగారి అజ్జాడ ఆ బొబ్బిలి తాలూకాలోదే. ఖయ్యాం ఆ గాలికి కొత్తవాడేం కాదు.

ఇదంతా పాత కథ అనుకుంటే పొరపాటు. ఈ రెండు జిల్లాల్లో 2011 లెక్కల ప్రకారం మేం నూటికి ఒక్కరం కూడా కాం. విజయనగరం బాబామెట్ట మీద ఖాదర్ బాబా దర్గాకి ఉరుసు రోజు వచ్చే జనంలో మా వాళ్ళకంటే మీ వాళ్ళే ఎక్కువ. అక్కడ కవ్వాలీ వింటూ తలలూపేవాళ్ళని మేం ఏనాడూ "హిందువులై ఉండి కూడా" అనలేదు. అనాలని తోచలేదు కూడా.

మరి మా గుంటడు ఒకడు బొమ్మలు వేస్తాడనుకోండి. శ్రీకాకుళంలో పుట్టిన గుంటడు ఎవరి బొమ్మ చూసి వేస్తాడు? వడ్డాది పాపయ్యదే చూసి వేస్తాడు. 'వపా' 1921లో ఆ ఊళ్ళోనే పుట్టాడు. చందమామ అట్టల మీద ఆయన దించిన రంగులు మూడు తరాల కళ్ళల్లో ఉన్నాయి. పాత చందమామ ముందు పెట్టుకుని, ఆ నీలం ఆకుపచ్చలోకి ఎలా జారిందో, చీర కుచ్చిళ్ళ మీద వెలుగు ఎలా నిలిచిందో చూసి చూసి వేస్తాడు. వపా కూడా రవివర్మ బొమ్మలు చూసే పెరిగాడు. రవివర్మ తిరువనంతపురం కోటలో థియొడర్ జెన్సన్ అనే యూరపు చిత్రకారుడు తైలవర్ణాలు వేస్తుంటే పక్కన నిలబడి చూసి నేర్చాడు. అందరూ చూసి నేర్చినవాళ్ళే.

మా గుంటడి చూపుకి మాత్రం రెండు కాపలాలు. బయటివాడు "ఏటి సాయిబూ, మీకు మా దేవుళ్ళ బొమ్మలెందుకు, ఏ ఉద్దేశంతో వేస్తన్నావు?" అంటాడు. లోపలివాడు "బేటా, జీవమున్న బొమ్మ హరాం, చింపెయ్" అంటాడు. ఈ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పని మాత్రం కలిసే చేస్తారు. లోపలివాడికి కూడా చెప్పాల్సింది చెబుతాం. మొఘల్ దర్బారుల్లో రజ్మ్‌నామా పేరుతో మహాభారతానికి బొమ్మలు వేయించిన అక్బరు మీ చరిత్రలోవాడే కదా? చరిత్ర గొప్పలు చెప్పేటప్పుడు ఒక ఇస్లాం, పిల్లాడి చేతిలో కుంచె లాక్కునేటప్పుడు ఇంకో ఇస్లామా?

బయటివాడికి హుసేన్ సంగతి గుర్తుచేస్తే చాలు. లోహియా మాట మీద హైదరాబాదులో బద్రివిశాల్ పిట్టీ ఇంట్లో కూర్చుని రామాయణం బొమ్మలు వేశాడు. అప్పుడు మెచ్చుకున్నారు. 1996లో పాత బొమ్మలు తవ్వి తీసి కేసులు పెట్టారు. 2006లో దేశం విడిచాడు. 2011లో లండన్‌లో పోయాడు, అక్కడే మట్టిలో కలిశాడు. మెచ్చుకోలుకి గడువుంటుందని మా పిల్లలకి నేర్పింది ఆయన చావే. 'అయి ఉండి కూడా' అని మెచ్చుకున్న నోటికి 'అయి ఉండి ఎంత ధైర్యం' అనడానికి ఎంతోసేపు పట్టదు. వాక్యం సగం అలాగే ఉంటుంది.

అందుకని మా గుంటడు ఏం చేస్తాడంటే కుంచె దాచేస్తాడు. లేదంటే గోడల మీద అక్షరాలు రాసే పనిలో చేరతాడు. అక్షరాలకి ఎవడూ మతం అడగడు కదా. ఆ పనినీ ఫ్లెక్సీలు మింగేశాక మోటారు మెకానిక్ షెడ్డు ఉండనే ఉంది. 'ముస్లిం పిల్లలకి కళల మీద ఆసక్తి తక్కువ' అని ఆ తర్వాత ఒక పెద్దమనిషి వ్యాసం రాస్తాడు.

మేం అడిగేది పెద్దదేం కాదు. నారాయణదాసు గారి జయంతికి విజయనగరంలో సభ పెడతారు, హరికథలు చెప్పిస్తారు. ఆ రోజు ఆయన రుబాయీల్ని కూడా బయటికి తియ్యండి. పక్కన ఉమర్ ఆలీషా పద్యాలు పెట్టండి. మూలం చదవడానికి పర్షియన్ వచ్చినవాళ్ళు మాలో ఇంకా కొందరున్నారు, పిలవండి, వస్తారు. వేదిక మీద చివరి కుర్చీలో ఒక టోపీ కనపడాలని పిలవకండి. వచ్చినవాణ్ణి చదవనివ్వండి. మూలానికి దాసుగారు ఎక్కడ దగ్గరగా వెళ్ళారో, ఎక్కడ తప్పుకున్నారో, ఆలీషా ఎక్కడ మెరుగో, ఎక్కడ తక్కువో చెప్పనివ్వండి. తప్పు చెబితే సభలోనే నిలదీయండి. గుంటలు వెనక వరసలో కూర్చుని వింటారు.