బస్సు కొనొచ్చు, నడపడానికి పైసలు అడగొద్దు

మా బాపు 28 ఏళ్ళు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. 2025 వేసవిలో మా దగ్గరికి, ఫిలడెల్ఫియా శివార్లకు వచ్చి ఆర్నెల్లు ఉన్నాడు. ఇక్కడి టీవీ ఆయనకు పెద్దగా పట్టదు. కానీ ఆగస్టులో బస్సుల వార్త వచ్చిన రోజు సోఫాలోంచి కదల్లేదు. సెప్టా (ఈ ప్రాంతపు ఆర్టీసీ అనుకోండి) 213 మిలియన్ డాలర్ల లోటు పూడక ఆగస్టు 24 నుంచి 32 బస్సు రూట్లు ఎత్తేస్తోంది. అప్పటికీ డబ్బు రాకపోతే కొత్త సంవత్సరం నుంచి మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేయోలి-థార్న్‌డేల్ లైనుతో సహా అయిదు రైలు మార్గాలు ఆపేస్తామంటోంది. తెర మీద డిపోలో వరసగా నిలబెట్టిన బస్సులు చూపిస్తున్నారు.

"బస్సులు మంచిగనే ఉన్నయి గద బిడ్డా, మరెందుకు బంద్ పెడుతున్నరు?"

"నడపడానికి పైసలు లేవట బాపూ."

"కొనేటందుకు ఉన్నయి, నడిపేటందుకు లేవా? ఇదేం లెక్క?"

ఏదో చెప్పి దాటేశాను కానీ ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. పేపర్లలో వచ్చేదంతా హారిస్‌బర్గ్ గొడవే: గవర్నర్ డెమోక్రాట్, రాష్ట్ర సెనేట్ రిపబ్లికన్ల చేతిలో, బడ్జెట్ పాసవ్వలేదు. అది నిజమే. కానీ బాపు అడిగిన ప్రశ్నకు సగం జవాబు వాషింగ్టన్‌లో ఉంది. ఫెడరల్ రవాణా చట్టం ఎంత ఇస్తుందన్నది ఒక సంగతి, దేనికి ఖర్చు పెట్టనిస్తుందన్నది ఇంకో సంగతి. మన దృష్టి ఎప్పుడూ మొదటిదాని మీదే ఉంటుంది. పీకలకు చుట్టుకునేది రెండోది.

ఐటీ వాళ్ళకు కాపెక్స్, ఓపెక్స్ తేడా నేను చెప్పనక్కర్లేదు. సర్వర్ కొనడానికి బడ్జెట్ సాంక్షన్ అవుతుంది, దాన్ని చూసుకునే మనిషికి అవ్వదు. అమెరికా ప్రజా రవాణా అచ్చంగా ఇలాగే నడుస్తోంది. 1964లో మొదటి అర్బన్ మాస్ ట్రాన్సిట్ చట్టం వచ్చినప్పుడు ఫెడరల్ డబ్బు కేవలం కొనడానికి, కట్టడానికే. పదేళ్ళ తర్వాత 1974లో, ప్రెసిడెంట్ ఫోర్డ్ కాలంలో, నడిపే ఖర్చుకు కూడా వాడుకోనిచ్చారు. రీగన్ దాన్ని తగ్గించాలని చూశాడు. అదే రీగన్ 1982 చట్టంతో గ్యాస్ పన్నును 5 సెంట్లు పెంచి అందులో 1 సెంటు ప్రజా రవాణాకు కేటాయించాడు. 80 పాళ్ళు రోడ్లకు, 20 పాళ్ళు బస్సులూ రైళ్ళకూ అన్న వాటా అక్కడ పుట్టింది. నలభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ ఎవరూ దాన్ని గట్టిగా కదపలేదు.

1998లో క్లింటన్ సంతకం చేసిన టీ-21 చట్టం అసలు తలుపు మూసేసింది. రెండు లక్షల జనాభా దాటిన పట్టణ ప్రాంతాలకు ఫార్ములా ప్రకారం వచ్చే డబ్బును ఇక నడిపే ఖర్చుకు వాడకూడదు. డ్రైవర్ జీతం, డీజిల్, కరెంటు బిల్లు, ఏదీ కుదరదు. ఒక్క సందు మాత్రం వదిలారు: బస్సు పాడవకముందే చేసే మెయింటెనెన్స్‌ను "క్యాపిటల్" అని రాసుకోవచ్చు. అందుకే ఏ నగరంలోనైనా ట్రాన్సిట్ సంస్థ లెక్కలు చూస్తే ఆ పద్దు కింద వీలైనంత కుక్కి ఉంటుంది. 2012 చట్టం చిన్న సంస్థలకు, వంద బస్సుల లోపు నడిపేవాటికి, కొంత సడలింపు ఇచ్చింది. ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ లాంటి వాటికి ఏమీ మారలేదు.

ఒక్కసారి మాత్రం ఈ నియమం పెద్ద ఎత్తున పక్కకు జరిగింది. కోవిడ్‌లో 2020-21లో కాంగ్రెస్ మూడు చట్టాల ద్వారా ట్రాన్సిట్ సంస్థలకు సుమారు 69 బిలియన్ డాలర్లు ఇచ్చింది, జీతాలకూ వాడుకోమంది. రైళ్ళు ఖాళీగా తిరిగిన ఆ రోజుల్లో కూడా నర్సులు, గిడ్డంగుల్లో పనిచేసేవాళ్ళు, మన స్టూడెంట్లు ఇల్లు చేరగలిగారంటే కారణం అదే. ఆ డబ్బు అయిపోగానే దేశమంతటా ఒక్కో నగరం ఒక్కో అంచుకు వచ్చి నిలబడింది. 2021 నవంబర్‌లో వచ్చిన ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టం అయిదేళ్ళకు 108 బిలియన్ల దాకా ప్రజా రవాణాకు ఇస్తానంది. ఇంత పెద్ద మొత్తం అంతకు ముందెప్పుడూ లేదు. అయినా 1998 నియమాన్ని ముట్టుకోలేదు. ఎలక్ట్రిక్ బస్సు కొనుక్కో, స్టేషన్‌కు లిఫ్ట్ పెట్టుకో, డ్రైవర్ సంగతి నువ్వు చూసుకో.

ఆ డబ్బు వచ్చే చోటు కూడా ఎండిపోతోంది. గాలన్‌కు 18.4 సెంట్ల ఫెడరల్ పన్ను 1993 తర్వాత ఒక్క సెంటు పెరగలేదు. అందులో ప్రజా రవాణాకు వెళ్ళేది 2.86 సెంట్లు. టెస్లా కొన్నవాళ్ళం అదీ కట్టం. 2008 నుంచి ఖజానా డబ్బు తెచ్చి ఆ నిధిలో పోస్తూ నెట్టుకొస్తున్నారు.

ఇక పెన్సిల్వేనియా కథకు వస్తాను. మనలో చాలామంది పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి టర్న్‌పైక్ మీద పోతుంటాం. 2009 నుంచి ఏటా టోల్ ఎందుకు పెరుగుతోందని ఎప్పుడైనా అనుకున్నారా? 2007లో రాష్ట్రం యాక్ట్ 44 అనే చట్టం చేసింది. రాష్ట్రానికి అడ్డంగా 311 మైళ్ళు పోయే ఇంటర్‌స్టేట్-80 మీద టోల్ పెట్టి, ఆ ఆదాయంతో రోడ్లనూ ప్రజా రవాణానూ పోషిద్దామన్నది ఆలోచన. కానీ అది ఫెడరల్ డబ్బుతో కట్టిన రోడ్డు, టోల్ పెట్టాలంటే వాషింగ్టన్ ఒప్పుకోవాలి. టీ-21 చట్టంలోనే అందుకొక పైలట్ పథకం ఉంది, షరతు ఏమిటంటే ఆ టోల్ డబ్బు ఆ రోడ్డుకే ఖర్చు పెట్టాలి. ఐ-80 టోల్‌తో ఫిలడెల్ఫియా బస్సులు నడుపుతామంటే కుదరదని 2010 ఏప్రిల్‌లో ఫెడరల్ ప్రభుత్వం చివరిసారిగా తిప్పికొట్టింది.

బుష్ హయాంలో ఒకసారి కాదన్నారు, ఒబామా హయాంలో మళ్ళీ కాదన్నారు. కాబట్టి ఇది పార్టీ గొడవ కాదు, చట్టంలో ఉన్న మాట.

అప్పుడు రాష్ట్రం ఏం చేసింది? టోల్ రాకపోయినా టర్న్‌పైక్ కమిషన్ ఏటా 450 మిలియన్లు కట్టాల్సిందేనంది. కమిషన్ దగ్గర అంత ఎక్కడిది? బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. అలా సుమారు 8 బిలియన్ డాలర్లు రాష్ట్ర రవాణా శాఖకు కట్టింది, ఆ అప్పు తీర్చడానికి టోల్ పెంచుతూ పోయింది. 2013లో యాక్ట్ 89 వచ్చి ఈ చెల్లింపులకు 2022లో ముగింపు పెట్టింది. 450 కాస్తా 50 మిలియన్లయింది, మిగతాది వాహనాల అమ్మకపు పన్ను నుంచి సర్దారు. అంటే ఫెడరల్ చట్టంలోని ఒక్క షరతు ఒక రాష్ట్రపు బస్సులను పదిహేనేళ్ళు అప్పు మీద నడిపించింది. మనం గుడికి పోతూ ఈజీపాస్‌తో కడుతున్న దాంట్లో ఆ పాత అప్పు వడ్డీ ఉంది.

2024 నవంబర్‌లో ఇదే లోటు తలెత్తినప్పుడు గవర్నర్ షాపిరో ఫెడరల్ చట్టంలోని ఇంకో గదిలోంచి డబ్బు తీశాడు. 1991 చట్టం రాష్ట్రాలకు ఒక వెసులుబాటు ఇచ్చింది: హైవేలకు వచ్చిన ఫెడరల్ నిధుల్లో కొంత ప్రజా రవాణాకు మళ్ళించుకోవచ్చు. దాని కింద, ఇంకా టెండరు పిలవని రోడ్డు పనుల నుంచి 153 మిలియన్లు సెప్టాకు మళ్ళించాడు. రూట్లు కొన్ని నెలలు బతికాయి. 2025లో ఆ ఉపాయం మళ్ళీ పనిచేయలేదు. రూట్లు ఆగాయి, కోర్టు తిరిగి నడపమంది, చివరికి సెప్టెంబర్‌లో రాష్ట్రం 394 మిలియన్ల దాకా క్యాపిటల్ నిధులను రెండేళ్ళ పాటు నడిపే ఖర్చుకు వాడుకోమని అనుమతిచ్చింది. టికెట్ 2.50 నుంచి 2.90 డాలర్లయింది.

ఊరికి వెళ్ళిపోయిన బాపుకు ఇది ఫోన్‌లో చెబితే సంతోషించలేదు. "టైర్ల పైసలు తీసి జీతాలిచ్చిన్రన్నట్టు. మా డిపోల గట్ల చేస్తే ఏమైతదో తెల్సా?" అన్నాడు.

ఏమవుతుందో ఇక్కడ అప్పటికే కనబడుతోంది. సెప్టా సిల్వర్‌లైనర్-4 రైలు పెట్టెలు 1970ల నడుమ తయారైనవి, నాకంటే పెద్దవి. 2025లో వాటిలో అయిదు సార్లు మంటలు లేచాయి. అక్టోబర్‌లో ఫెడరల్ రైల్‌రోడ్ విభాగం అత్యవసర ఆదేశం ఇచ్చి అన్నిటినీ తనిఖీ చేయించింది. నవంబర్‌లో రాష్ట్రం మరో 220 మిలియన్లు తెచ్చి మరమ్మతులకు పోసింది. కొత్త పెట్టెలు కొనాల్సిన డబ్బుతో జీతాలు, జీతాల డబ్బు లేక పాత పెట్టెలకు అతుకులు.

హారిస్‌బర్గ్‌లో పల్లె జిల్లాల సెనేటర్ల వాదన ఒకటుంది: మా పన్నులతో ఫిలడెల్ఫియా బస్సులెందుకు నడపాలి? ఇది విన్నప్పుడు నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. నీళ్ళు, నిధులు, నియామకాలు అని గొంతు పోయేలా అరిచినవాళ్ళం మనం. మా నిధులు మాకే అనే మాట తప్పని ఏ నోటితో అనాలి? కానీ మనం ఊరికే అరవలేదు, ఏ జిల్లా నుంచి ఎంత వచ్చింది, ఎంత పోయిందని పద్దులు ముందు పెట్టమన్నాం. ఇక్కడా అదే అడగాలి. ఆ పల్లె జిల్లాల బస్సులు కూడా ఇదే రాష్ట్ర నిధితో నడుస్తున్నాయి. పైగా చిన్న ఊళ్ళు ఫెడరల్ డబ్బును జీతాలకు వాడుకోవచ్చు, పెద్ద నగరాలకే ఆ వీలు లేదు.

మనకు ఇది కొత్త కాదు. హైదరాబాద్‌లో జేఎన్ఎన్‌యూఆర్ఎం బస్సులు తిరిగిన రోజులు గుర్తున్నాయా? కొనడానికి కేంద్రం వాటా ఇచ్చింది. నడిపే భారం, నష్టం ఆర్టీసీది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ఉచితమైతే ఆ జీరో టికెట్ల లెక్క రాష్ట్ర ఖజానాదే. ఆ పథకం మంచిచెడ్డలు వేరే రోజు మాట్లాడుకుందాం. రిబ్బన్ కత్తిరించే ఖర్చు పైవాళ్ళది, రోజూ అయ్యే ఖర్చు కిందివాళ్ళది అన్న పద్ధతి మాత్రం రెండు దేశాల్లోనూ ఒకటే.

ఎదుటి వాదనలో పస లేదని అనను. వాషింగ్టన్ జీతాలకు డబ్బిస్తే సంస్థలు ఖర్చు అదుపు చేసుకోవు, 1970ల అనుభవం అదేనంటారు కొందరు. అంతకంటే నన్ను ఆలోచింపజేసేది ఇంకొకటి: రోజువారీ బస్సు కూడా వాషింగ్టన్ దయ మీద ఆధారపడితే, అక్కడ షట్‌డౌన్ వచ్చినప్పుడల్లా ఇక్కడ స్టాపులో నిలబడ్డ మనిషి వణకాలి. ఢిల్లీ వైపు చూస్తూ ఏళ్ళు గడిపిన మనకు ఆ భయం అర్థమవుతుంది. అందుకే నేను మొత్తం ఖర్చు ఫెడరల్ ప్రభుత్వమే భరించాలని అడగడం లేదు. ఇప్పుడిచ్చే ఫార్ములా నిధుల్లో ఒక వంతు వరకు, రాష్ట్రం తన వాటా తగ్గించకూడదన్న షరతుతో, నడిపే ఖర్చుకు వాడుకునే హక్కు పెద్ద నగరాలకూ ఇస్తే చాలు. ఇంతకంటే ముందుకు పోయి నడిపే ఖర్చుకు విడిగా నిధి పెట్టాలని జార్జియా ప్రతినిధి హ్యాంక్ జాన్సన్ ఒకటికి రెండు సార్లు బిల్లు పెట్టాడు. అది కదలలేదు.

ఇప్పుడు కదిలే అవకాశం ఉంది. 2021 చట్టం గడువు 2026 సెప్టెంబర్ 30న ముగుస్తుంది, దాని స్థానంలో వచ్చేది మళ్ళీ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. 2009 డిసెంబర్ 9 ప్రకటన కోసం ఈ దేశంలో ఆఫీసుల్లో కూర్చుని స్క్రీన్లు రిఫ్రెష్ చేసినవాళ్ళం, ఆర్టికల్ 3 పాఠం నోటికొచ్చినవాళ్ళం, శ్రీకృష్ణ కమిటీ రిపోర్టు పేజీ నంబర్లతో సహా వాదించినవాళ్ళం మనం. మన పిల్లలు కాలేజీకి పోయే రైలు ఏ చట్టం మీద నడుస్తుందో మనలో ఎంతమందికి తెలుసు? మొన్నటిదాకా నాకూ తెలియదు, బాపు అడిగేదాకా.

కారు ఉంది కదా అనుకుంటాం. మన ఇళ్ళకు వచ్చే అమ్మానాన్నలకు లేదు. ఎంఎస్ చేయడానికి వచ్చి నలుగురితో గది పంచుకునే పిల్లలకు లేదు. వీసా వాళ్ళకు ఓటు లేకపోవచ్చు గానీ సెప్టా బడ్జెట్ బహిరంగ విచారణలో మాట్లాడటానికి పాస్‌పోర్టు ఎవరూ అడగరు.

ఓటున్నవాళ్ళు చేయాల్సింది ఇంకొంచెం ఉంది. హౌస్‌లో ఈ చట్టం ట్రాన్స్‌పోర్టేషన్ కమిటీకి పోతుంది. సెనేట్‌లో మాత్రం ప్రజా రవాణా భాగం, వింతగానే ఉంటుంది, బ్యాంకింగ్ కమిటీది. ఆ కమిటీలో మన సెనేటర్ డేవ్ మెకార్మిక్ ఉన్నాడు. ఆయన ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడు "బస్సులు కాపాడండి" అంటే రాసుకుని పక్కన పెడతారు. పెద్ద పట్టణ ప్రాంతాలకు ఫార్ములా నిధుల్లో నడిపే ఖర్చు నిషేధం తీసేయాలని, సెక్షన్ 5307 అని పేరు పెట్టి అడగండి.