అంతరిక్షానికైనా లారీలే దిక్కు

"మనుషులే లేని కార్గో రాకెట్ వెళ్తే అదీ ఒక వార్తేనా బాస్?" అని మొన్న మా ఆఫీసు క్యాంటీన్లో ఒకాయన సెలవిచ్చాడు. సర్వర్ పడిపోతే రాత్రంతా మేలుకునే మనిషే ఇలా అంటే, ఇంక మామూలు జనాన్ని ఏమంటాం?

నాది సాలూరు. తెలియనివాళ్ళకి చెప్తున్నా, విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్ళే రోడ్డు మీద, ఒడిశా కొండలకి ముందొచ్చే ఊరు. విజయవాడ తర్వాత లారీలంటే మావే అని మావాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. పి.కోనవలస ఘాటీ ఎక్కి, సుంకి దాటి బండి వేళకి చేరిందా లేదా, మా ఊరికి అదే వార్త. అందుకే ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది.

2021 నవంబరులో రాజా చారి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళినప్పుడు మన చానెళ్ళ హడావుడి గుర్తుందా? వాళ్ళ నాన్న హైదరాబాద్ నుంచి ఇంజనీరింగ్ చదువుకని అమెరికా వెళ్ళినాయన, కాబట్టి "మనవాడు". బానే ఉంది. మరి 2022 ఫిబ్రవరి 21న ఆ మనవాడు అక్కడ ఏం చేశాడో మీలో ఎంతమందికి తెలుసు? రెండు రోజుల ముందు వర్జీనియాలోని వాలప్స్ నుంచి బయల్దేరిన సిగ్నస్ అనే సరుకు నౌకని రోబో చేత్తో ఒడిసి పట్టుకున్నాడు. అందులో ఒక్క మనిషి లేడు. ఉన్నదల్లా దాదాపు 3,700 కిలోల సరుకు.

తిండీ విడిభాగాలే అనుకునేరు. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా కాస్తో కూస్తో గాలి ఉంటుంది. ఆ రాపిడికి కేంద్రం కొంచెం కొంచెంగా కిందికి జారుతూ ఉంటుంది, ఎవరో ఒకరు పైకి నెట్టాలి. రష్యా ప్రోగ్రెస్ నౌకలు ఏళ్ళ తరబడి చేస్తున్న పని ఇదే. చారి పట్టుకున్న సిగ్నస్ కూడా ఆ జూన్‌లో ఇంజను వెలిగించి కేంద్రాన్ని పైకి నెట్టింది. సరుకు దింపిన లారీ గోడౌన్నే ఎత్తి పెట్టిందన్నమాట!

1978 జనవరిలో సల్యూట్-6కి ప్రోగ్రెస్-1 వెళ్ళేదాకా, కేంద్రం తనతో తీసుకెళ్ళిందీ సోయజ్‌లో కాస్త పట్టిందీ తప్ప ఇంకో దారి లేదు. నెలల తరబడి మనుషులు పైన ఉండగలుగుతున్నారంటే ఈ బళ్ళ పుణ్యమే. 2014 అక్టోబరు 28న ఆంటారెస్ రాకెట్ లేస్తూనే పేలింది. 2015 ఏప్రిల్ 28న వెళ్ళిన ప్రోగ్రెస్ గిరగిరా తిరుగుతూ చేజారింది. జూన్ 28న డ్రాగన్‌ని మోస్తున్న రాకెట్ గాల్లోనే ముక్కలైంది. (మూడూ 28వ తేదీలే, న్యూమరాలజీ వాళ్ళు చూసుకోండి.) అయినా ఎవరూ పస్తులుండలేదు. పైన నిల్వలున్నాయి. జులై 3న ఇంకో ప్రోగ్రెస్, ఆగస్టులో జపాన్ వాళ్ళ నౌక బయల్దేరాయి. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని మనం పవర్ పాయింట్లలో రాస్తామే, వాళ్ళు నిజంగా పాటించారు.

పాటించకపోతే ఏమవుతుందో 1997 జూన్ 25న మిర్‌లో తెలిసింది. చేతిలో డబ్బుల్లేని రష్యా, ఖరీదైన ఆటోమేటిక్ వ్యవస్థ లేకుండా చేత్తో నడిపి ప్రోగ్రెస్‌ని జోడించే పరీక్ష పెట్టింది. అది స్పెక్టర్ విభాగాన్ని గుద్ది చిల్లు పెట్టింది. నింద మొదట నడిపినవాడి మీదే పడింది. మా ఘాటీలో లారీ బోల్తా పడ్డా ఇంతే. డ్రైవరు తాగాడా, నిద్రపోయాడా అనేవాళ్ళే గానీ ఓవర్‌లోడు వేయించిందెవరని అడిగేవాళ్ళుండరు.

మన ఐటీలో మాత్రం? కొత్త ప్రాడక్ట్ రిలీజ్ చేసినవాడికి కేకు, దాన్ని మూడేళ్ళు బతికించిన సపోర్ట్ వాడికి అప్రైజల్లో "పర్లేదు".

ఇప్పుడు మనకీ సొంత అంతరిక్ష స్టేషన్ అంటున్నారు, 2035 కల్లా. మొదటి మాడ్యూల్‌కి 2024 సెప్టెంబరులో కేబినెట్ ఒప్పుకుంది, 2028 లక్ష్యం. శ్రీహరికోట నుంచి వెళ్ళిన స్పేడెక్స్ ఉపగ్రహాలు 2025 జనవరి 16న ఒకదానికొకటి జోడయ్యాయి. "నాలుగో దేశం" అని చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. కానీ అవి ఒక్కోటి 220 కిలోలు. రేపు రావాల్సినవి టన్నుల బరువు బళ్ళు, అదీ ఏడాదికి ఒకటి కంటే ఎక్కువే, ఏళ్ళ తరబడి. పైకెళ్ళేది ఎవరు, తెలుగువాడా కాదా అని టీవీలో గంట చర్చ పెడతారు. సరుకు బండి ఏది, ఒకటి చెడితే రెండోది ఏది అని ఒక్క నిమిషం అడగరా?

ఇంకో సంగతి, రిటర్న్ లోడ్. ప్రోగ్రెస్, సిగ్నస్ రెండూ చెత్త నింపుకుని వాతావరణంలో కాలిపోతాయి. ప్రయోగాల శాంపిళ్ళు కిలోల కొద్దీ క్షేమంగా దింపాలంటే డ్రాగన్ లాంటిది కావాలి. రాయ్‌పూర్ నుంచి బండి ఖాళీగా తిరిగొస్తే డీజిల్ ఎవడు పోస్తాడని సాలూరులో లారీ కొనకముందే లెక్కేస్తారు. మన స్టేషన్‌కి ఆ లెక్క ఎవరేశారో, ఎంత తేలిందో, వచ్చే ప్రెస్‌మీట్లో ఏ విలేఖరైనా అడిగితే బాగుండు.