బిల్లులో ఉంది, డిశ్చార్జి సమ్మరీలో లేదు

డిశ్చార్జి సమ్మరీల్లో నాకు ఒళ్ళు మండే వాక్యం ఒకటుంది: ‘ఐవీ యాంటీబయాటిక్స్, ఐవీ ఫ్లూయిడ్స్, సపోర్టివ్ కేర్‌తో చికిత్స చేయడమైనది.’ ఏ యాంటీబయాటిక్? ఎన్ని రోజులు? మధ్యలో ఏమైనా తేడా చేసిందా? అవేవీ ఉండవు. నేను ఫార్మ్‌.డి. చదివి, ఖమ్మం జిల్లాలో ఒక ఆసుపత్రి వార్డుల్లో క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఇంతకుముందు ఏయే మందులు వాడారో, వేటితో ఇబ్బందిపడ్డారో రోగిని అడిగి రాసుకోవడం నా పనిలో మొదటిది. ఆ వాక్యం చూడగానే ఆ పని అక్కడే ఆగిపోతుంది.

ఆ మధ్య షుగరున్న ఒక పెద్దావిడ కాలు వాచి, ఎర్రబడి, జ్వరంతో చేరింది. కేసు షీటు మీద ‘ఏదో ఇంజెక్షన్‌కు అలర్జీ’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. కొడుకును అడిగాను.

‘‘తెల్ల సూదిమందు మేడమ్. కిందటేడు వేరే దవాఖానల చేసిన్రు. చేసినంక ఒళ్ళంతా దద్దుర్లు లేచినయ్, బీపీ పడిపోయింది.’’

యాంటీబయాటిక్ ఇంజెక్షన్లలో చాలావరకు సీసాలో ఉండేది తెల్లపొడే. పేరు తెలియకపోతే డాక్టరు దేన్ని మానాలి? అనుమానమున్నవన్నీ మానేస్తే మిగిలేవి పెద్ద మందులు. వాటిలో కొన్ని కిడ్నీలను దెబ్బతీస్తాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆమెకు అప్పటికే ఎక్కువగా ఉంది.

పాత బిల్లులుంటే తెమ్మన్నాను. మర్నాడు ప్లాస్టిక్ కవరు నిండా తెచ్చాడు. మందుల బిల్లు మీద తేదీ, టైము, మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉన్నాయి. రెండో రోజు సాయంత్రం బిల్లులో సెఫ్ట్రియాక్సోన్ అనే సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్ కొత్తగా చేరింది. ఆ రాత్రే ఇంకో బిల్లు: అలర్జీకి వాడే అవిల్, హైడ్రోకార్టిసోన్, రెండు సెలైన్లు. మర్నాటి నుంచి సెఫ్ట్రియాక్సోన్ లేదు, దాని బదులు ఇంకో మందు. (అడ్రినలిన్ బిల్లులో కనిపించలేదు. ఎమర్జెన్సీ ట్రేలోంచి తీసి ఇచ్చి ఉంటారనే అనుకుంటున్నాను. తీవ్రమైన అలర్జీలో ముందుగా తొడ కండరానికి చేయాల్సింది అదే, అవిల్ కాదు.) మా ఫిజీషియన్ ఆ బిల్లులు చూసి, సెఫలోస్పోరిన్ల జోలికి పోకుండా క్లిండమైసిన్ రాశారు.

డబ్బు లెక్కకు బ్యాచ్ నంబరుతో సహా ఎక్కించే ఆసుపత్రి, మనిషికి ప్రాణం మీదికొచ్చిన మందు పేరు ఒక్క లైనులో రాయలేదు. ఎందుకు రాయరో నాకు తెలియక కాదు. రాస్తే బంధువులు గొడవ చేస్తారని, రేపు కోర్టులో చూపిస్తారని భయం. ఆ భయం ఉత్తదని అనను, కానీ దాని ఖరీదు రోగి కడుతున్నాడు.

ఇది ఎక్కడో ఒకరికి జరిగేది కూడా కాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో యాంటీబయాటిక్స్ వాడిన 1,488 మంది ఇన్‌పేషెంట్లను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 20 శాతం మందికి ఏదో ఒక దుష్ప్రభావం కనిపించింది. ఇచ్చిన కోర్సుల్లో 19 శాతం అసలు అవసరమే లేనివి. అంతమాత్రాన సెప్సిస్‌తో వచ్చినవాళ్లకు యాంటీబయాటిక్ ఆపమని కాదు. అక్కడ గంట ఆలస్యమైనా ప్రమాదమే.

పేరు ఒక్కటే రాసినా చాలదు, ఏం జరిగిందో కూడా రాయాలి. వ్యాంకోమైసిన్ గ్రాము మందును కనీసం గంటసేపు ఎక్కించాలి. నైట్ డ్యూటీలో సిస్టర్ ఒక్కతే ముప్ఫై మందిని చూసుకుంటున్నప్పుడు డ్రిప్పు వేగం పెరుగుతుంది. మొహం, మెడ ఎర్రబడి దురద మొదలవుతుంది. చాలాసార్లు అది అలర్జీ కాదు, మందు వేగంగా వెళ్లడం వల్ల వచ్చింది. నిదానంగా ఎక్కిస్తే మళ్లీ ఇవ్వొచ్చు. కేసు షీటులో మాత్రం ‘వ్యాంకోమైసిన్ అలర్జీ’ అని పడుతుంది, ఇక ఆ మనిషి జన్మంతా ఆ ముద్ర మోయాలి. అమాక్సిసిలిన్‌తో విరేచనాలైనవాళ్లూ ‘నాకు పెన్సిలిన్ పడదు’ అంటారు. అమెరికాలో పెన్సిలిన్ అలర్జీ ఉందనుకునేవాళ్లను సరిగా పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆ మందు నిక్షేపంగా పడుతుంది.

అమికాసిన్ అనే యాంటీబయాటిక్ సంగతి ఇంకా దారుణం. దద్దుర్లూ ఉండవు, గగ్గోలూ ఉండదు. కిడ్నీలు దెబ్బతింటే రక్తపరీక్షలో బయటపడుతుంది, చాలావరకు కోలుకుంటాయి కూడా. చెవులు అలా కాదు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి, ఒక్కోసారి ఇంటికెళ్లాక పోతాయి. పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు. వయసు మీదపడిందిలే అనుకుని ఊరుకుంటారు.

ఇలాంటివి నమోదు చేయడానికి దేశంలో వ్యవస్థ లేదా అంటే, 2010 నుంచీ ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. డాక్టరే కాదు, నర్సు, ఫార్మసిస్టు, రోగి ఎవరైనా 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పొచ్చు. రిపోర్టు ఇచ్చినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని వైద్య సిబ్బంది నింపే ఫారం మీదే అచ్చువేశారు. నేను ఆ వాక్యం కింద గీత గీసి మా జూనియర్ డాక్టర్లకు చూపిస్తుంటాను. కొందరు నవ్వి సంతకం పెడతారు, కొందరు ఫోనొచ్చిందని బయటికి వెళ్తారు.

బతిమాలితే అయ్యే పని కాదిది. తెలంగాణలో ఆరోగ్యశ్రీకైనా, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవకైనా, ప్రైవేటు ఇన్సూరెన్సుకైనా క్లెయిము రావాలంటే డిశ్చార్జి సమ్మరీ పెట్టాల్సిందే. అందులో ఒక గడి తప్పనిసరి చేయాలి: ఏ మందు, బ్రాండు కాదు అసలు పేరు, ఇచ్చిన ఎంతసేపటికి ఏం జరిగింది, దానికి ఏం చేశారు. అదే సంగతి తెలుగులో రాసిన చిన్న కార్డు రోగి చేతికివ్వాలి. ఏ రియాక్షనూ రాకపోతే ‘లేదు’ అని రాయనివ్వండి. గడి ఖాళీగా ఉన్న సమ్మరీకి మాత్రం డబ్బు విడుదల చేయొద్దు.