బడి ఎవరిది? పెత్తనం ఎవరిది?

పోతిరెడ్డిపాడు తూముల నుంచి ఎన్ని క్యూసెక్కులు పోతున్నాయని నందికొట్కూరులో టీ అంగడి కాడ ఎవరినడిగినా టక్కున చెబుతారు. అదే మనిషిని మీ వీధిలో సర్కారు బడి తల్లిదండ్రుల కమిటీకి ఛైర్మన్ ఎవరయ్యా అని అడగండి. తల గోక్కుంటాడు. నీళ్ల లెక్క మనకు నోటికొచ్చింది. దశాబ్దాల దగా నేర్పిన లెక్క అది. మరి బడి లెక్క ఎందుకు రాలేదు? సీమకు స్వపరిపాలన కావాలని అడిగే మనం, మన వీధి చివర చట్టం మన చేతికిచ్చిన చిన్న పరిపాలనను ఎవరికి వదిలేశాం?

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులే కావాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. 2011లో మన రాష్ట్రం రాసుకున్న నిబంధనలు తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకోమన్నాయి. ఛైర్మన్, వైస్ ఛైర్మన్ ఆ తల్లిదండ్రుల్లోంచే రావాలన్నాయి. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరు మాత్రమే. బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయటం, వచ్చిన నిధులు ఎట్లా ఖర్చవుతున్నాయో గమనించటం కమిటీ పనులు. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. అంతకు ముందు 1998లోనే సామాజిక భాగస్వామ్య చట్టం తెచ్చి విద్యా కమిటీలకు ఎన్నికలు పెట్టిన రాష్ట్రం ఇది. చట్టాలకు కరువేమీ లేదు.

నేల మీదికొస్తే కథ వేరు. 2019 సెప్టెంబర్‌లో, 2021 సెప్టెంబర్‌లో, 2024 ఆగస్టులో ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. మూడుసార్లూ రాష్ట్రంలో చాలాచోట్ల జనం చూసింది ఒకటే. అధికారంలో ఉన్న పార్టీ పేర్లు రాసిచ్చింది, బడి ఆవరణలో చేతులెత్తించింది, చేతులు లేవని చోట గొడవ జరిగింది. జెండా మారింది గానీ తీరు మారలేదు. 2019లో మొదలైన నాడు-నేడు పనుల డబ్బును ఈ కమిటీల ద్వారానే ఖర్చు పెట్టించాక ఆ కుర్చీకి ఇంకా గిరాకీ పెరిగింది. సిమెంటు బస్తా, ఇసుక ట్రాక్టరు లెక్క ఉన్న చోటికి నాయకుల చూపు పోకుండా ఉంటుందా? చట్ట ప్రకారం బడిలో పిల్లలున్న వాళ్లే నిలబడాలి కాబట్టి నాయకుడు తన అనుచరుడిని నిలబెడతాడు. సంతకం అనుచరుడిది, మాట నాయకుడిది.

ఈ కుర్చీ గురించి తల్లిదండ్రుల్లోనే రెండు వాదాలున్నాయి. రెండింటినీ మేము గౌరవంగానే వింటున్నాం. పలుకుబడి ఉన్న మనిషి ఛైర్మన్ అయితే నిధులు తెస్తాడు, ఆఫీసుల మెట్లెక్కుతాడు, పొద్దున్నే కూలికి పోయే అమ్మ ఆ పని చేయగలదా అని కొందరు. మా పిల్లోళ్ల అన్నం, మా పిల్లోళ్ల బాత్‌రూములు ఎట్లున్నాయో తెలియని వాడికి మా బడి మీద పెత్తనమేంది అని మరికొందరు. మొదటి వాదం వెనక ఇంకో మాట కూడా ఉంది. పైకి గట్టిగా అనరు గానీ, చదువు రాని మనిషి బడికి ఛైర్మన్ ఎట్లయితుందని.

ఆ మాటకే ముందు జవాబు చెప్పాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 59.97 శాతం. ఆనాటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67 శాతం. కర్నూలు జిల్లా ఆడవాళ్లలో అయితే 49.78 శాతమే. అంటే ఇద్దరిలో ఒకరికి అక్షరం లేదు. ఇది ఆ తల్లుల తప్పా? వాళ్లకు చదువు చెప్పని బడిదా, ఆ బడికి అయ్యవార్లను వేయని పాలకులదా? చదువు ఇవ్వకుండా ముంచిన వాళ్లే, చదువు లేదు కాబట్టి నీకు నోరు లేదనటం ఎక్కడి న్యాయం? అయ్యవారు ఏ రోజు రాలేదో, గుడ్డు ఎన్నిసార్లు పెట్టలేదో, ఆడపిల్ల పెద్దమనిషయ్యాక బడి ఎందుకు మానిందో చెప్పటానికి డిగ్రీ అక్కర్లేదు. ఆ బడిలో బిడ్డ ఉంటే చాలు. అర్జీ రాసిపెట్టేందుకు చదువుకున్న వాళ్లు ఊరినిండా ఉన్నారు. తల్లి స్థానంలో కూర్చునే హక్కు మాత్రం వాళ్లకు లేదు. మేము రెండో వాదం వైపే ఉన్నాం.

ఇక అసలు ప్రశ్న. పట్టణంలోని సర్కారు బడి ఎవరి కోసం? చుట్టూ పల్లెల నుంచి ఆటోల్లో, ఆర్టీసీ బస్సుల్లో వచ్చే పిల్లల కోసం. మొక్కజొన్న కంకులు విరిచే కూలీల, హమాలీల, తోపుడుబండ్ల వాళ్ల పిల్లల కోసం. ఉద్యోగస్తుల పిల్లలు తెల్లారేసరికి ప్రైవేటు బడి వ్యానెక్కుతారు, లేదా కర్నూలు హాస్టళ్లలో ఉంటారు. చురుకైన పిల్లలను పరీక్ష పెట్టి గురుకులాలు, మోడల్ స్కూళ్లు ఏరుకుంటాయి. 1972లో కొడిగెనహళ్లిలో గురుకులం పెట్టినప్పటి నుంచి ఆ బడులు ఎందరో సీమ బిడ్డలను పైకి తెచ్చాయి, ఆ మేలు కాదనం. కానీ డబ్బున్న వాళ్లు ఒక దారి, పరీక్ష నెగ్గిన వాళ్లు ఒక దారి పోగా మిగిలిన బిడ్డలందరినీ ఏ పరీక్షా పెట్టకుండా, ఏ ఫీజూ అడగకుండా చేర్చుకునేది వీధి బడి ఒక్కటే. అది మిగిలిపోయిన వాళ్ల బడి అని చులకన చేస్తున్నాం. నిజానికి అందరి బడి అనిపించుకునే అర్హత దానికొక్కదానికే ఉంది.

పాలకుల డబ్బు మాత్రం అటూ ఇటూ పోతోంది. 2020 జనవరిలో అమ్మఒడి కింద తల్లికి 15 వేలన్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అందరికీ అన్నారు. రెండు పథకాలూ ప్రైవేటు బడి పిల్లల తల్లులకు కూడా వర్తించాయి. తల్లి చేతికి డబ్బు వస్తే మాకు సంతోషమే. కానీ బడిలో అయ్యవారు లేనప్పుడు ఆ డబ్బు ఎటు పోతుంది? ప్రైవేటు బడి ఫీజు కౌంటరుకు. 2025 మెగా డీఎస్సీలో రాష్ట్రమంతా కలిపి 16,347 పోస్టులు ప్రకటిస్తే, ఉమ్మడి కర్నూలు జిల్లాకే 2,645. ఏ జిల్లాకూ అన్ని లేవు. ఇది మనకు దక్కిన వరమని కొందరు సంబరపడ్డారు. ఎక్కువ పోస్టులు వచ్చాయంటే ఎక్కువ ఖాళీలు పెట్టారనే కదా అర్థం! ఆ ఖాళీ కుర్చీల ముందు కూర్చుని పదో తరగతికొచ్చిన పిల్లలకు ఆ ఏళ్లు ఎవరు తిరిగిస్తారు?

బడికి నాయకత్వమంటే కమిటీ ఒక్కటే కాదు, హెడ్మాస్టరు కూడా. మంచి హెడ్మాస్టరు వస్తే ఏడాదిలో బడి మారటం ప్రతి ఊరూ చూసింది. ఆ మనిషి ఎవరు రావాలో, ఎవరు పోవాలో చెప్పే హక్కు తల్లిదండ్రులకు లేదు. 2025 బదిలీల చట్టం ప్రకారం హెడ్మాస్టరు ఒక బడిలో అయిదేళ్లకు మించి ఉండరాదు. బదిలీ పాయింట్లు ఉద్యోగి సర్వీసును, ఊరి వర్గాన్ని లెక్కపెడతాయి. ఆ బడి పిల్లల తల్లుల అభిప్రాయానికి ఒక్క పాయింటూ లేదు. పైనున్న కుర్చీల సంగతి ఇంకా ఘోరం. ఏకీకృత సర్వీసు నిబంధనలు 1998లో మొదలై కోర్టులకెక్కాయి. 2017లో రాష్ట్రపతి ఉత్తర్వులకు సవరణ వస్తే 2018లో ఉమ్మడి హైకోర్టు కొట్టేసింది. ఉపాధ్యాయుల్లో రెండు వర్గాలు తేల్చుకునేలోపు మండల విద్యాధికారి, డిప్యూటీ డీఈఓ కుర్చీల్లో ఏళ్లకేళ్లు ఇన్‌ఛార్జులే కూర్చున్నారు. ఇన్‌ఛార్జికి అడిగేవాడు లేడు, అతను అడిగితే వినేవాడూ లేడు. దీనికి తోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చి నందికొట్కూరును నంద్యాలలో కలిపారు. పక్కనున్న కర్నూలు వదిలి అంత దూరం పోయి డీఈఓకు అర్జీ ఇవ్వాలంటే కూలి మనిషికి ఒక రోజు కూలి పోయినట్టే.

ఇది ఎక్కడా జరగని పని కాదు. అమెరికాలోని షికాగో నగరంలో 1988లో చట్టం చేసి ప్రతి సర్కారు బడికీ స్థానిక మండలి పెట్టారు. అందులో తల్లిదండ్రులదే పెద్ద సంఖ్య. బడి ప్రిన్సిపాల్‌ను ఎంపిక చేసే అధికారం, పదవీకాలం తీరాక కొనసాగించాలో వద్దో తేల్చే అధికారం ఆ మండలికిచ్చారు. అక్కడా పేదల పిల్లలే ఎక్కువ, అక్కడా గొడవలున్నాయి. అయినా తల్లిదండ్రులకు తెలియదులే అని తలుపు మూయలేదు.

ఇక్కడ తల్లిదండ్రులను ఎప్పుడడిగారు? ఇంగ్లీషు మీడియం జీవోను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేశాక, అవసరం పడి ఇల్లిల్లూ తిరిగి ఐచ్ఛికాలు రాయించుకున్నారు. 2022 జూన్‌లో 117 జీవో తెచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు తరలించేటప్పుడు ఆ తల్లులు గుర్తు రాలేదు. బడులు తెరిచిన జూలైలో రాష్ట్రమంతటా తల్లిదండ్రులు గేట్ల ముందు కూర్చుంటే గానీ తెలియలేదు. 2025లో ఆ జీవోనూ తీసేసి తొమ్మిది రకాల బడులన్నారు. మూడేళ్లలో ఒకే బిడ్డను రెండుసార్లు అటూ ఇటూ జరిపారు. ప్రయోగం వాళ్లది, బిడ్డ మనది.

ఇందులో సీమ ఉద్యమానికి సంబంధమేమిటని అడిగే మిత్రులున్నారు. 1937 నవంబర్ 16న శ్రీబాగ్‌లో పెద్దలు రాసుకున్న ఒడంబడికలో నీళ్లు, రాజధాని, హైకోర్టు మాత్రమే లేవు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కూడా ఉంది. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం వచ్చింది 1981లో! కాగితం మీది హక్కుకు కాపలా లేకపోతే నలభై నాలుగేళ్లు పడుతుందని మనకంటే బాగా ఎవరికి తెలుసు? రేపు రాష్ట్రమొచ్చినా, వీధి బడి కమిటీని నాయకుడి అనుచరుడికి వదిలేసే అలవాటు మారకపోతే, అమరావతి పెత్తనం పోయి మన ఊరి పెత్తందారు చేతికి పోతుంది. బడిలో బిడ్డ ఉన్న తల్లికి మాత్రం ఏమీ రాదు.

ప్రభుత్వాన్ని మేము అడిగేది ఇదీ. కమిటీ ఎన్నిక రహస్య బ్యాలెట్‌తో జరపాలి. కూలి పనులు పోని రోజు చూసి పెట్టాలి. హెడ్మాస్టరు పనితీరు మీద కమిటీ రాతపూర్వక అభిప్రాయాన్ని బదిలీలో లెక్కలోకి తీసుకోవాలి. బడి తరలించాలన్నా, కలపాలన్నా కమిటీ తీర్మానం తప్పనిసరి చేయాలి. డీఈఓ నెలకొకసారి నందికొట్కూరులో కూర్చుని అర్జీలు తీసుకోవాలి.

మన వాళ్లను అడిగేదీ ఉంది. ఉద్యోగ మిత్రులారా! అధికారుల పిల్లలు సర్కారు బడిలోనే చదవాలని 2015 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు తీర్పిచ్చింది, అది అమలుకు నోచుకోలేదు. మిమ్మల్ని కోర్టు ఆజ్ఞతో అడగటం లేదు. మీ బిడ్డను వీధి బడిలో చేర్చగలిగితే చేర్చండి. చేర్చలేకపోతే కనీసం ఆ కమిటీ ఎన్నికలో మీ పార్టీ వాడి కోసం ఫోన్ చేయకండి. విద్యార్థి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! జలదీక్షలకు బస్సులెక్కిన మీరు మీ వీధి బడికి నడిచి వెళ్లండి. తల్లులకు చట్టం చదివి వినిపించండి, అర్జీ రాసివ్వండి, తీర్మానం పుస్తకం చదివి చెప్పందే సంతకం పెట్టొద్దని చెప్పండి. 2024 ఆగస్టులో ఎన్నికైన కమిటీల గడువు రెండేళ్లే. గడువు తీరిన ప్రతిసారీ నాయకుడి ఇంట్లో జాబితా తయారవుతుంది. అంతకు ముందే తల్లుల జాబితా మన వీధిలో తయారు కావాలి.