యుద్ధం అక్కడ.. బిల్లు మన ఇంటికి

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ: మన రాష్ట్రంలో పెట్రోలు కొట్టించడానికి కారు దిగక్కర్లేదు. చట్టం ప్రకారం బంకు కుర్రాడే వచ్చి కొట్టాలి. 2008 జూలైలో అలా సీట్లో కూర్చునే మీటరు చూసి గుటకలు మింగినవాళ్లం మనం. ముడిచమురు పీపా 147 డాలర్లు తాకిన నెల అది. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు 40 లోపే ఉండేది. పెరిగిందంతా యుద్ధం వల్లే అనలేం, చైనా గిరాకీ కూడా ఉంది.

యుద్ధమొస్తే ఉద్యోగాలొస్తాయని వాదించేవాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధాన్ని చూపిస్తారు. అప్పుడు ఫ్యాక్టరీలు ఖాళీగా ఉన్నాయి, జనానికి పని లేదు. పైగా పన్నులు పెంచారు, బాండ్లు అమ్మారు. ఇరాక్ సంగతి వేరు. బుష్ ప్రభుత్వం 2001లో, మళ్లీ 2003లో పన్నులు తగ్గించి, యుద్ధానికి అప్పు తెచ్చింది. ఇంట్లో పెళ్లి పెట్టుకుని జీతం తగ్గించుకున్నట్టు! ఖర్చు 100 నుంచి 200 బిలియన్ డాలర్లు కావచ్చని 2002లో అన్న ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే ఆ డిసెంబర్‌లోనే పదవి వదిలారు. 2008లో స్టిగ్లిట్జ్, బిల్మ్స్ లెక్క 3 ట్రిలియన్లకు తేలింది. గాయపడ్డ సైనికుల వైద్యం, పింఛన్లు, అప్పు మీద వడ్డీ కూడా కలిపారు వాళ్లు. ఆ ఖర్చు తుపాకులు ఆగాక కూడా దశాబ్దాలు నడుస్తుంది.

ఇక ఉద్యోగాలంటారా, రక్షణ కంపెనీల్లో చాలావాటికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి, దానికి సిటిజన్‌షిప్ కావాలి. హెచ్1బీ మీదున్నవాళ్లం ఆ ప్రకటన చివరిదాకా చదవక్కర్లేదు.

మనకు తగిలిన దెబ్బ ఇంకోటి. 2002లో 500 డాలర్లు పంపితే ఊళ్లో నాన్నగారి చేతికి 24 వేలు వచ్చేవి. 2008 మొదట్లో 20 వేలు కూడా రాలేదు. లోటు బడ్జెట్లతో, తగ్గిన వడ్డీలతో డాలరు నీరసపడింది, అటు ఇండియాలోకి విదేశీ పెట్టుబడి పోటెత్తింది.

2022లో ఉక్రెయిన్ యుద్ధంతో మళ్లీ అదే బంకు. జూన్‌లో దేశ సగటు గ్యాలన్‌కు 5 డాలర్లు దాటింది. కొవిడ్ నాటి నుంచే ఎగబాకుతున్న ధరలను పట్టుకోవడానికి ఫెడరల్ రిజర్వ్ 2023 జూలైకల్లా వడ్డీని 5.25 శాతం పైకి తీసుకెళ్లింది. ఇంటి లోను 7 శాతం దాటేసరికి ఫాక్స్ రన్, హంటర్స్ గ్లెన్ లాంటి అపార్ట్‌మెంట్లలోనే ఇంకో ఏడాది లీజు రాసుకున్న మనవాళ్లు ఎందరో. 2024 ఆర్థిక సంవత్సరంలో అయితే అమెరికా తన పాత అప్పుల మీద కట్టిన నికర వడ్డీ రక్షణ ఖర్చునే మించింది. అందులో యుద్ధాల అప్పూ ఉంది, పన్ను కోతలదీ కొవిడ్‌దీ కూడా ఉంది. ఆ వడ్డీ కట్టేది మన జీతాల్లో కోసుకునే పన్నుతోనే, పచ్చకార్డు రాకపోయినా సరే.