మన పిల్లల మనసుకు పోస్టు లేదు

మన తండాల్లో, గూడేల్లో, ఎస్టీ కాలనీల్లో డిగ్రీ చదివినవాళ్లున్న ఇళ్లలో ఒక పుస్తకం కనపడుతుంది. టెట్ గైడు. అందులో మొదటి భాగం శిశు వికాసం, 30 మార్కులు. పియాజే, వైగాట్‌స్కీ, థార్న్‌డైక్ మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నోటికి వచ్చు. నరసరావుపేట కోచింగ్ గదుల్లో కూర్చుని పిల్లల మనసు ఎన్ని దశల్లో ఎదుగుతుందో బట్టీ పడతారు. పరీక్ష అయిపోతుంది. ఉద్యోగం వచ్చినవాళ్లు బడికి పోతారు, రానివాళ్లు మిరప కోతలకు పోతారు. ఆ సైకాలజీ మాత్రం ఆ 30 మార్కుల దగ్గరే ఆగిపోతుంది. మన పిల్లలు పడుకునే హాస్టల్ గది దాకా రాదు.

ఎందుకు రాదు? ఆ ఒక్క ప్రశ్న మీదే ఈ వ్యాసం.

మేము చూసిందే ముందు చెబుతాం. కొన్నేళ్ల కిందట ఒక వసతి గృహంలో ఆరో తరగతిలో చేరిన సుగాలి పాప దసరా సెలవుల దాకా నోరు విప్పలేదు. అడిగితే తల దించుకునేది. మొదట ‘శ్రద్ధ లేదు’ అన్నారు. తర్వాత ‘మొద్దు’ అన్నారు. ఆఖరికి ‘మందబుద్ధి’ అని రాయబోయారు. ఒక సాయంత్రం వంట చేసే తండా ఆమె పక్కన కూర్చోబెట్టుకుని గోర్ బోలీలో పలకరిస్తే ఆ పిల్ల అరగంట ఆగకుండా మాట్లాడింది, ఏడ్చింది. వాళ్ల యాడి ఆ వేసవిలోనే చనిపోయింది. తండ్రి కూలికి వలసపోతూ బిడ్డను హాస్టల్లో దింపి వెళ్లాడు. చేర్పించే ఫారంలో ఆ సంగతి రాయడానికి గడి లేదు.

ఆ రోజు స్కూల్ సైకాలజిస్టు చేయాల్సిన మొదటి పని చేసింది వంటమనిషి. ఆమెకు భాష ఉంది, ప్రేమ ఉంది. కానీ మర్నాడు ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఆ పిల్ల రాత్రిళ్లు నిద్రపోకపోతే ఎవరికి చెప్పాలి, చదువు ఎక్కడ వెనకపడిందో ఎట్లా కనిపెట్టాలి, తండ్రితో ఏం మాట్లాడాలి అన్నవి ఆమెకు ఎవరూ నేర్పలేదు. అవి తెలిసిన మనిషి ఆ హాస్టల్లో లేరు. ఆ హాస్టల్లో అలాంటి పోస్టే లేదు.

బడిలో సైకాలజిస్టు అంటే పిచ్చి డాక్టరు అనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. కాదు. అక్షరాలు తారుమారు చేసే పిల్లవాడిది సోమరితనమా, డిస్లెక్సియానా తేల్చేది ఆయన పని. హాస్టల్లో కొట్టే పెద్దపిల్లలను, ఏడ్చే చిన్నపిల్లలను, విసిగిపోయిన మాస్టారును కూర్చోబెట్టి మాట్లాడించేది ఆయన పని. పిల్ల చచ్చిపోవాలనుకుంటోందని ముందే పసిగట్టి, కావాల్సివస్తే గుంటూరు పెద్దాసుపత్రి దాకా తోడుపోయేదీ ఆయన పనే.

ఈ పనికి ఎంత చదువు కావాలి? అమెరికాలో డిగ్రీ తర్వాత కనీసం మూడేళ్లు చదవాలి. అందులో 1200 గంటలు పెద్దవాళ్ల పర్యవేక్షణలో ఇంటర్న్‌షిప్ చేయాలి. 500 మంది పిల్లలకు ఒకరు ఉండాలని అక్కడి స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం చెబుతుంది. అంత డబ్బున్న దేశంలోనూ చాలినంతమంది లేరు. సగటున ఒక్కొక్కరి మీద వెయ్యి మందికి పైగా పిల్లల భారం ఉంది. వాళ్ల బాధ మనుషులు చాలడం లేదని. మన బాధ ఆ ఉద్యోగం పేరు కూడా మన బళ్లలో వినపడదని.

మన దేశంలో వైద్యపరమైన సైకాలజిస్టులకు పునరావాస మండలి గుర్తింపు ఉంది. 1992 చట్టంతో వచ్చింది. ఆ గుర్తింపుకు పెద్ద దారి రెండేళ్ల ఎం.ఫిల్. 2022 యూజీసీ నిబంధనలతో ఎం.ఫిల్ డిగ్రీయే ఎత్తేశారు, ఈ కోర్సుకు 2025-26 దాకా గడువు ఇచ్చారు. బొల్లాపల్లి తండా నుంచి, వెల్దుర్తి చెంచుగూడెం నుంచి బయల్దేరిన పిల్ల ఆ మెట్టు దాకా చేరేలోపే మెట్లు మార్చేస్తున్నారు. పైగా అంత చదివినవాళ్లు పట్నంలో ఆసుపత్రి పెట్టుకుంటారు గానీ హాస్టలుకు ఎందుకు వస్తారు? వచ్చినా కూర్చోవడానికి కుర్చీ ఏది?

ఇక్కడే అసలు మెలిక ఉంది. పోస్టులు ఎందుకు లేవంటే చదివినవాళ్లు లేరంటారు. ఎందుకు చదవలేదంటే పోస్టులు లేవంటాం. ఈ రెండు మాటలూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని తిరుగుతుంటాయి. మధ్యలో నలిగేది ఆరో తరగతి పిల్ల.

ఇప్పుడు ఈ ముడి విప్పడానికి మన చేతికి ఒక కొస దొరికింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశం మొత్తానికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. 100 కంటే తక్కువ ఉంటే బయటి నిపుణులతో పక్కా ఏర్పాటు ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలతో వివక్ష లేకుండా మెలగడం కూడా ఆ శిక్షణలో భాగం. చట్టం వచ్చేదాకా ఇదే చట్టం. ఇది కోచింగ్ సెంటర్లకే అనుకోకండి. బళ్లకు, కాలేజీలకు, హాస్టళ్లకు కూడా వర్తిస్తుంది. మన గురుకులాలు ఇందులోకి రావా? మన ఆశ్రమ పాఠశాలలు రావా?

దీనికి వచ్చే జవాబులు మాకు ముందే తెలుసు.

ఒకటి, ‘టీచర్లే చూసుకుంటారు, మూడు రోజుల ట్రైనింగ్ ఇస్తాం’. పాఠం చెప్పి, యాప్‌లో హాజరు వేసి, మధ్యాహ్న భోజనం లెక్క చూసి, ఎన్నికల పని చేసే మాస్టారు మీద ఇదీ వేస్తారా? మార్కులేసే మనిషికే పిల్లవాడు గుండెలో మాట చెబుతాడా? 1200 గంటల పనిని మూడు రోజుల్లో నేర్పడం ఎవరివల్లా కాదు.

రెండు, ‘14416 ఉంది కదా’. టెలి మానస్ 2022లో వచ్చిన మంచి ఏర్పాటే. ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది. ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీదా రాయాలని మేమూ అంటున్నాం. కానీ ఫోను దగ్గర ఉండని పిల్ల, వార్డెన్ ఎదురుగా నిలబడి, వార్డెన్ ఫోనులో వార్డెన్ మీదే ఏం చెప్పుకుంటుంది?

మూడు, ‘ఎవరో ఒకరిని పంపిస్తాం’. ఇదే మాకు ఎక్కువ భయం. మన మీద ముద్రలు వేయడం కొత్తగాదు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల బిడ్డలను పుట్టుకతోనే దొంగలన్నారు. స్టూవర్టుపురం అట్లా పుట్టిందే. 1952లో చట్టం పోయింది, చూపు పోలేదు. ఇప్పుడు ఆ చూపే తెలివి పరీక్ష కాగితం పట్టుకుని వస్తే? మన దేశంలో బాగా వాడిన భాటియా పరీక్షల్ని 1955 నాటికి ఉత్తరప్రదేశ్ అబ్బాయిల మీద ప్రమాణీకరించారు. ఆ కొలబద్దతో నల్లమల అంచున పెరిగిన చెంచు పాపను కొలిస్తే తప్పు ఎవరిదవుతుంది? అమెరికాలో ఇట్లాంటి పరీక్షలతోనే నల్లజాతి పిల్లలను మందబుద్ధి తరగతుల్లోకి తోశారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1979లో కాలిఫోర్నియా కేసులో ఆ పరీక్షలతో వాళ్లను అట్లా వేరుచేయడం చెల్లదని తీర్పు వచ్చింది. శిక్షణ లేని ప్రేమ సగం పని చేస్తుంది. మన భాష, మన బతుకు తెలియని శిక్షణ కీడే చేయగలదు. అందుకే రెండూ ఉన్న మనిషి కావాలంటున్నాం. ఆ మనిషి మన ఇళ్లలోంచే రావాలి.

పల్నాడుకు ఇంకో ఇబ్బంది ఉంది. మనం షెడ్యూల్డ్ ఏరియాలో లేము. మన్యానికి వచ్చే ప్రత్యేక ఏర్పాట్లు సుగాలి, యానాది, ఎరుకల బిడ్డల దాకా ఇక్కడికి రావు. చెంచులకు శ్రీశైలం ఐటీడీఏ ఉంది, అది ఎక్కడో కొండ మీద. కాబట్టి మన కోసం మనం అడగకపోతే అడిగేవాళ్లు లేరు.

మనల్ని మనం కూడా అడుక్కోవాలి. పిల్ల మాట్లాడకపోతే గాలి సోకిందని తాయెత్తు కట్టించినవాళ్లం మనమే. మగపిల్లవాడు ఏడిస్తే ‘పల్నాటి పౌరుషం ఏమైందిరా’ అని నవ్విందీ మనమే. డిగ్రీ అవగానే బీఈడీ, కానిస్టేబులు, గ్రూప్స్ తప్ప ఇంకో దారి చూపించని అన్నలం, అక్కలం మనమే.

మా డిమాండ్లు ఇవి.

100 మంది పిల్లలున్న ప్రతి గిరిజన గురుకులానికీ, హాస్టలుకూ ఒక రెగ్యులర్ పోస్టు మంజూరు చేయాలి. చిన్న హాస్టళ్లకు మండలానికొకరిని ఇవ్వాలి. అవుట్‌సోర్సింగ్‌లో ఏడాదికొకరు మారితే పిల్ల ఎవరిని నమ్ముతుంది?

నాగార్జున విశ్వవిద్యాలయంలో, విజయనగరం కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో బడి సైకాలజీకి పీజీ చదువు నడపాలి. మన పిల్లలకు సీట్లతో పాటు స్టైపెండ్ ఇవ్వాలి. ఇంటర్న్‌షిప్ మాచర్ల, గురజాల వైపు హాస్టళ్లలోనే, అనుభవం ఉన్నవాళ్ల పర్యవేక్షణలో జరగాలి. గోర్ బోలీ, ఎరుకల భాష వచ్చినవాళ్లకు అది అర్హతగా లెక్క కట్టాలి.

మన భాష తెలిసిన మనిషి చూడకుండా ఏ గిరిజన బిడ్డనూ మందబుద్ధి అని రాయకూడదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, డిగ్రీలో సైకాలజీ ఉన్న కాలేజీ ఎక్కడుందో ఈ వేసవిలోనే వెతకండి. టీచర్లుగా ఉన్న అన్నలూ, అక్కలూ, ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్, కౌన్సెలింగ్‌లో ఏడాది డిప్లొమా నడుపుతోంది, మైసూరు ప్రాంతీయ విద్యాసంస్థలో కూడా ఉంది. దరఖాస్తు పెట్టండి. సుప్రీంకోర్టు ఆదేశం కాపీ తీసుకుని, మీ బడిలో పిల్లలెంతమందో పైన రాసి, ‘మా కౌన్సెలర్ ఎవరు?’ అని కింద ఒక్క వాక్యం రాసి, నరసరావుపేట కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోండి. వచ్చే సోమవారం మళ్లీ వెళ్లండి.

ఆ పాప ఇప్పుడు ఎక్కడుందో మాకు తెలియదు. సంక్రాంతికి ఇంటికి వెళ్లి మళ్లీ రాలేదు. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదురుగా ‘డ్రాపౌట్’ అని రాశారు. ఎందుకు రాలేదో అడిగి రమ్మని పంపడానికి ఆ హాస్టల్లో ఎవరూ లేరు.