కాగితంలో లేని అడవి

కాగజ్‌నగర్ రైలు, మణుగూరు రైలు ఎక్కి చదువు కోసం సికింద్రాబాద్‌లో దిగే మన పిల్లలు "సార్, ఇక్కడ అడవి లేదా?" అని అడుగుతుంటారు. ఇక్కడ పాఠాలు చెప్పుకుని బతుకుతున్న మేము "లేదురా" అనేవాళ్లం. మేం చెప్పింది తప్పని 2025 మార్చి చివర్లో తెలిసింది. నరుకుతున్నప్పుడు గానీ ఈ నగరంలో అడవి ఉందని మాకు తెలియలేదు. ఉపాధ్యాయులుగా అందుకు సిగ్గుపడుతున్నాం.

అది కంచ గచ్చిబౌలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాలు. జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు బతికే చోటు. దాన్ని ఐటీ కంపెనీల కోసం వేలం వేయాలనుకున్నారు. వరుస సెలవులు చూసుకుని, ఉగాది నాడే జేసీబీలు దించారు. విద్యార్థులు అడ్డం నిలబడి అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. అప్పటికే దాదాపు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి.

ప్రభుత్వం చెప్పిన మాట ఒకటే: రికార్డుల్లో అది అడవి కాదు. 2004లో ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చిన భూమిని 2006లో రద్దు చేసి, కోర్టుల్లో కొట్లాడి గెలుచుకున్నాం, కాబట్టి మాదే అంది. భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న. దాని మీద ఏముందన్నది వేరే ప్రశ్న. ఎవరి భూమి అయినా సరే, నిఘంటువు ప్రకారం అడవి అనిపించుకునేది అడవేనని 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు కంచ అంటేనే గొడ్లు మేసే బీడు. ఆ పేరు కూడా కాగితం మీదే ఉంది కదా!

ఇప్పుడు మన గూడేలకు రండి. తాతల నాటి పోడు చేలు. జొన్న వేశాం, కంది వేశాం. ఆ చేలల్లోనే కందకాలు తవ్వి మొక్కలు నాటారు. ఎందుకయ్యా అంటే "రికార్డుల్లో ఇది అడవి" అన్నారు. చేను కళ్లెదుట ఉన్నా కాగితంలో అడవి. అక్కడ చెట్లు కళ్లెదుట ఉన్నా కాగితంలో అడవి కాదు. రెండు చోట్లా కాగితమే గెలిచింది. ఆ కాగితం రాసేటప్పుడు మనల్ని అడిగినవాళ్లు లేరు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం ఇచ్చింది ఈ కొట్లాటలోనే.

"మరి ఉద్యోగాలు వద్దా?" అని మన యువతే అడుగుతోంది. కావాలి. మేమూ ఉద్యోగాలు చేస్తూనే ఈ మాట రాస్తున్నాం. కానీ గచ్చిబౌలి అద్దాల మేడల్లో మేమెరిగిన మన పిల్లలకు ఎక్కువగా దొరికింది గేటు దగ్గర కాపలా, బైకు మీద డెలివరీ. కొలువు పేరు చెప్పి చెట్టు కొట్టే ముందు, ఆ కొలువు ఎవరికో చెప్పమని అడగడం మన హక్కు.

విశ్వవిద్యాలయం పిల్లలకు మా జోహార్లు. వాళ్లను ఒక్కటి అడుగుతున్నాం. మీ జింకల కోసం దేశమంతా మాట్లాడింది, మంచిదే. రేపు గనికో ఆనకట్టకో మా గూడెం పోతుంటే కూడా మాట్లాడండి. పోలవరం ముంపులో పోయేది చెట్లొక్కటే కాదు, కోయ ఊళ్లు కూడా.

మన పని మనం చేయాలి. కాగితమే గెలిచే కాలంలో కాగితం మనమే రాయాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో వ్యక్తిగత పట్టా ఒక్కటే లేదు. ఊరి ఉమ్మడి హక్కుకు బి ఫారం, ఊరి అడవిని కాపాడుకునే హక్కుకు సి ఫారం ఉన్నాయి. దరఖాస్తు తీసుకుని తీర్మానం చేసేది గ్రామసభ. పెద్దలు చెప్పింది రాసి పెడితే అదీ సాక్ష్యమే. చాలా ఊళ్లు ఎ ఫారం దగ్గరే ఆగిపోయాయి.

టీచర్లారా, ఈ సెలవుల్లో పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. ఏ గుట్ట మీద ఇప్ప చెట్లున్నాయి, తునికాకు ఎక్కడ కోస్తారు, దేవర ఏ చెట్టు కింద ఉంది, ఏ వాగు ఎప్పుడు ఎండుతుంది అన్నీ కోయలో, గోండిలో అడిగి తెలుగులో రాయించండి. పటం గీయించండి. ఆ నోటుబుక్కు గ్రామసభలో పెట్టండి.

జేసీబీ వచ్చాక రాస్తే అది చావు కబురే అవుతుంది. ముందే రాద్దాం.